నెబ్యులా ఫొటోకి చిన్న టెలిస్కోప్ చాలు, గంటలే చాలవు

డిసెంబర్‌లో రాత్రి తొమ్మిది దాటాక తూర్పు వైపు తిరిగి నిలబడితే ఎర్రగా మెరిసే ఆర్ద్ర నక్షత్రం, దానికి కుడి పక్కన ఒకే వరసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. ఆ మూడింటికీ ఇంకాస్త కుడిగా మసకమసకగా ఉండే చిన్న గీతలోనే ఓరియన్ నెబ్యులా ఉంది, నెబ్యులా అంటే అంతరిక్షంలో వాయువూ ధూళీ కలిసిన మేఘం, జాబితాల్లో దీని పేరు ఎం42. ముందు అద్దం వెడల్పు 60 ఎంఎం ఉన్న టెలిస్కోప్ పెట్టి కంటితో చూస్తే అది ఆరిపోయిన పొయ్యి మీద మిగిలిన పొగలా బూడిద రంగులో ఉంటుంది, మధ్యలో నాలుగు చుక్కలు దగ్గర దగ్గరగా కుదురుకుని ఉంటాయి, అంతే. రంగేమీ ఉండదు. మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది "ఇంతేనా?" అనేది ఇక్కడే. అదే టెలిస్కోప్‌కి కన్ను ఆనించి చూసే ఐపీస్ తీసేసి కెమెరా బిగించి, ఓ గంటపాటు వెలుతురు పోగుచేస్తే మాత్రం రెక్కలు చాచిన పక్షిలా ఎర్రటి మేఘం, దాని నడుమ తెల్లటి వెలుగు, అంచుల్లో నల్లటి ధూళి చారలు అన్నీ బయటపడతాయి.

గొట్టం అదే, అద్దం అదే. వెలుతురుని పట్టే తీరు ఒక్కటే మారింది. కన్ను వచ్చిన వెలుతురుని సెకనులో చిన్న వంతు మాత్రమే నిలుపుకుని వదిలేస్తుంది, పైగా బాగా మసక వెలుతురులో రంగులు గుర్తించే కణాలు పనిచేయవు. కెమెరా సెన్సర్ అలా కాదు, చూరు నీళ్ల కింద పెట్టిన బిందెలా పడిన ప్రతి చుక్కనీ దాచుకుంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ వాటంతటవే అర్థమవుతాయి, ఏం కొనాలి, ఎక్కడ నిలబడాలి, ఏ నెలలో తీయాలి అన్నవి కూడా.

ఈ పని మొదలై చాలా కాలమైంది. 1880 సెప్టెంబర్ 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ 11 అంగుళాల టెలిస్కోప్‌తో 51 నిమిషాల ఎక్స్‌పోజర్ (వెలుతురు పడనిచ్చే సమయం) ఇచ్చి ఓరియన్ నెబ్యులాని మొట్టమొదటిసారి ఫొటో తీశాడు. మూడేళ్లకు ఇంగ్లండ్‌లో ఆండ్రూ కామన్ 36 అంగుళాల అద్దంతో తీసిన ఫొటోలో అంతవరకు ఏ కంటికీ కనబడని నక్షత్రాలు కనబడ్డాయి. 1885లో పారిస్‌లో పాల్, ప్రాస్పర్ అనే హెన్రీ సోదరులు కృత్తికలను ఫొటో తీస్తే అందులో మాయా అనే చుక్క చుట్టూ ఎవరూ అనుకోని మేఘం ఒకటి తేలింది. ఆకాశాన్ని కంటితో గీసుకునే కాలం పోయి ప్లేటు మీద పట్టే కాలం వచ్చిందని అప్పటికి అందరికీ అర్థమైంది. 1887లో పారిస్‌లోనే సమావేశం పెట్టి మొత్తం ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫొటోలు తీయాలని తీర్మానించారు. ఆ పంపకంలో తర్వాత హైదరాబాద్‌కీ వాటా వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంటే ఆకాశాన్ని ఫొటో తీయడానికే చేసిన టెలిస్కోప్‌తో, ఖగోళ మధ్యరేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీనీ, ఆ తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీనీ ఫొటో తీసి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. 8 అంగుళాలంటే ఇవాళ సరదాగా ఆకాశం చూసేవాళ్ల మేడ మీద కూడా కనిపించే సైజు. ఈ సంగతి తెలుగువాళ్లకి ఇంకా బాగా తెలియాల్సింది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: ఎంత పెద్ద టెలిస్కోప్ కావాలి? ఫొటో విషయంలో ఈ ప్రశ్నే కాస్త పక్కదారి పట్టిస్తుంది. నక్షత్రం చుక్క కాబట్టి దాని వెలుతురంతా ఒకచోటే పడుతుంది, అద్దం ఎంత పెద్దదైతే అంత మసక నక్షత్రం దొరుకుతుంది. నెబ్యులా అలా కాదు, అది పరుచుకున్న మేఘం. పెద్ద టెలిస్కోప్ ఎక్కువ వెలుతురు తెస్తుంది, నిజమే, కానీ ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటు దాకా ఉండే దూరం) కూడా పొడవైతే ఆ వెలుతురుని అంత పెద్ద మేర పలచగా పరిచేస్తుంది. అందుకని సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్‌కి అందే వెలుతురుని తేల్చేది ఎఫ్ నంబరు, అంటే ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. 60 ఎంఎం అద్దం, 360 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న గొట్టం ఎఫ్/6. 200 ఎంఎం అద్దం, 2000 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న పెద్దది ఎఫ్/10. ఒకే కెమెరా పెడితే చిన్నదానిలో ఒక్కో పిక్సెల్ మీద పడే నెబ్యులా వెలుతురు దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. సన్నటి వివరాల్లో పెద్దదే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ కృత్తికలు, వాటి చుట్టూ మేఘం కలిపి ఆకాశంలో రెండు డిగ్రీల దాకా పరుచుకుని ఉంటాయి, అంటే నాలుగు నిండు చందమామల వెడల్పు. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఉన్న కెమెరా చిన్న గొట్టానికి తగిలిస్తే మూడున్నర డిగ్రీలకు పైగా వెడల్పు, రెండున్నర డిగ్రీల ఎత్తు ఒక ఫ్రేములో పడుతుంది. పెద్దదానికి తగిలిస్తే ఒక డిగ్రీ కూడా పట్టదు, కృత్తికల్లో రెండు మూడు చుక్కలు వస్తాయేమో.

డబ్బులు ఎక్కువ పెట్టాల్సింది గొట్టాన్ని కింద నుంచి మోసి తిప్పే మౌంట్ మీద. భూమి తిరగడం వల్ల నక్షత్రాలు సెకనుకి 15 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) చొప్పున జరిగిపోతుంటాయి. పైన చెప్పిన చిన్న గొట్టానికి 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరా పెడితే ఒక్కో పిక్సెల్ రెండు ఆర్క్ సెకన్లకు కాస్త ఎక్కువ ఆకాశాన్ని చూస్తుంది, అంటే ఓరియన్ లాంటి చోట ఒక్క సెకనులోనే చుక్క ఏడు పిక్సెళ్లు దాటిపోతుంది. ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి ఐదు సెకన్లు తీస్తే చుక్కలన్నీ గీతలైపోతాయి. అందుకే ఆకాశంతోపాటు తిరిగే ఈక్వటోరియల్ మౌంట్ కావాలి, మొత్తం బడ్జెట్లో సగం దానికే పోయినా బాధపడక్కర్లేదు. వణికే మౌంట్ మీద తీసిన ఫొటోని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

తెలుగు నేల మీద దీనికో ప్రత్యేకమైన చిక్కుంది. ఈ మౌంట్ ఇరుసుని ధ్రువం వైపు, అంటే చుక్కలన్నీ దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయో ఆ బిందువు వైపు గురిపెట్టాలి. ధ్రువ నక్షత్రం ఎక్కడ ఏ అక్షాంశమో అంత ఎత్తులోనే కనిపిస్తుంది, హైదరాబాద్‌లో దాదాపు 17 డిగ్రీలు, విజయవాడలో 16న్నర, తిరుపతిలో 13న్నర. ఆ ఎత్తులో పక్కింటి నీళ్ల ట్యాంకు ఉంటుంది, కొబ్బరి చెట్టుంటుంది, అవేమీ లేకపోతే దుమ్మూ పొగా ఉంటాయి. యూరప్ వాళ్లకి అదే నక్షత్రం 50 డిగ్రీల ఎత్తున తేటగా కనిపిస్తుంది కాబట్టి చాలా మౌంట్లు ఆ లెక్కకే సుఖంగా పనిచేస్తాయి. ఇక్కడ అంత కిందకి వంచితే ఎత్తు సరిచేసే బోల్టు బిగుసుకుపోవడం, ఎదురు బరువు తిరుగుతూ ట్రైపాడ్ కాలికి కొట్టుకోవడం మామూలే. కొనేముందు ఆ మౌంట్ 13 డిగ్రీల దాకా వంగుతుందో లేదో చూసుకోవడం చాలా అవసరం, డబ్బులు కట్టేశాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. ధ్రువ నక్షత్రం కూడా సరిగ్గా ధ్రువం మీద లేదు, అర డిగ్రీకి పైగానే పక్కకి ఉంది. అది అసలు కనబడని బాల్కనీలో ఉన్నవాళ్లు కూడా ఈ పని మానుకోనక్కర్లేదు. కనిపించే ఆకాశాన్నే ఫొటో తీసి, చుక్కల అమరికని బట్టి గొట్టం ఎటు చూస్తోందో లెక్కగట్టి, ఏ మర ఎంత తిప్పాలో చెప్పే ప్రోగ్రాములు వచ్చేశాయి.

కానీ తక్కువ అక్షాంశంలో ఉండటం శాపం కాదు, పెద్ద వరం. దక్షిణ ఆకాశం మనకి చాలా పైదాకా వస్తుంది. ధనుస్సులో ఉండే లగూన్ నెబ్యులా లండన్‌లో 14 డిగ్రీలు దాటదు, హైదరాబాద్‌లో 48 డిగ్రీలు ఎక్కుతుంది. ఒమేగా సెంటారీ అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం లండన్ వాళ్లకి అసలు ఉదయించదు, తిరుపతిలో దక్షిణాన 29 డిగ్రీల ఎత్తున నిలబడుతుంది.

మరి చిక్కెక్కడంటే వానాకాలం. లగూన్ నెబ్యులా జూన్ మూడో వారంలో అర్ధరాత్రి ఆకాశంలో తన అత్యంత ఎత్తుకి చేరుతుంది, అంటే రాత్రంతా తీసుకోవడానికి అదే సరైన సమయం, సరిగ్గా అప్పుడే నైరుతి రుతుపవనాలు ఊరి మీదుంటాయి. అందుకని పాలపుంత నడిబొడ్డు వైపు కనిపించే నెబ్యులాలన్నిటినీ మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున మూడింటికి లేచి పట్టుకోవాలి. కోస్తాలో అక్టోబర్, నవంబర్‌లలో తుపాన్లు, నెల్లూరు, తిరుపతి వైపు డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మే వచ్చేసరికి వడగాలి, సాయంత్రం ఉరుములు. అన్నీ తీసేస్తే నమ్మకంగా మిగిలేది డిసెంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకా. అందులో అమావాస్యకి అటూ ఇటూ ఐదారు రోజులు. అందులో ఆఫీసు, పరీక్షలు, పెళ్లిళ్లు పోనూ ఏడాదికి ఎన్ని రాత్రులు మిగులుతాయో ఎవరికి వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఈ పనిలో నిజంగా ఖరీదైనది ఆ రాత్రులే.

ఎందుకంటే ఫొటో నాణ్యత పెరిగే లెక్క చాలా కఠినమైనది. వెలుతురు పోగుచేసిన సమయం నాలుగు రెట్లయితే తప్ప గరుకుతనంతో పోల్చినప్పుడు బొమ్మ బలం రెట్టింపు అవ్వదు. ఒక గంటకి వచ్చిన బొమ్మని రెండింతలు మెరుగు చేయాలంటే నాలుగు గంటలు కావాలి, నాలుగింతలు చేయాలంటే 16 గంటలు. ఒకే రాత్రి అవ్వదు కాబట్టి రెండు మూడు రాత్రులవి కలుపుతారు. ఒక్కో ఫొటో మాత్రం చిన్నదే, నగరంలో 30 సెకన్లు, చీకటి ఊళ్లో రెండు మూడు నిమిషాలు, అలా వందల ఫొటోలు తీసి తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తారు. దీన్నే స్టాకింగ్ అంటున్నారు. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ రెండూ ఉచితంగా దొరికే ప్రోగ్రాములు, మొదలుపెట్టేవాళ్లకి వాటిని మించి ఏమీ అక్కర్లేదు.

చీకటి ఎంత ముఖ్యమో అంకెల్లో చూస్తే గుండె కలుక్కుమంటుంది. వెలుగుని మాగ్నిట్యూడ్లలో కొలుస్తారు, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. పెద్ద నగరం మధ్యలో ఆకాశం కాంతి చదరపు ఆర్క్ సెకనుకి 18 మాగ్నిట్యూడ్ అనుకుందాం, మంచి చీకటి పల్లెలో 21.5. తేడా మూడున్నర మాగ్నిట్యూడ్లు, అంటే నగరం ఆకాశం 25 రెట్లు వెలుగు. అదే నాణ్యత రావాలంటే పల్లెలో ఒక గంట సరిపోయినచోట నగరంలో 25 గంటలు కావాలి. కారులో రెండు గంటలు ప్రయాణం చేయడం కన్నా మంచి పరికరం ఇంకేదీ లేదు. కాకపోతే చోటు ముందే చూసుకుని వెళ్లాలి. నల్లమలలో ఆకాశం బాగుంటుందని చీకటి పడ్డాక బయల్దేరితే కుదరదు, అడవి దారిలో రాత్రిపూట వాహనాలను వదలరు. తెలిసినవాళ్ల పొలంలో బోరు షెడ్డు దగ్గర, కరెంటు, తోడు ఉన్నచోట పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు. పక్క పొలంవాళ్లకి కూడా ఓ మాట చెప్పి ఉంచితే మంచిది, అర్ధరాత్రి ఎర్ర లైట్లు వేసుకుని తిరిగేవాళ్లని చూస్తే ఎవరికైనా టెన్షనే.

నగరం వదిలి వెళ్లలేని వాళ్లకి దారి లేదా అంటే ఉంది, అది నెబ్యులా రకాన్ని బట్టి ఉంటుంది. ఓరియన్, లగూన్, రోజెట్ లాంటివి సొంతంగా వెలిగే వాయువులు. వాటి వెలుతురు కొన్ని సన్నటి రంగుల్లోనే ఉంటుంది, హైడ్రోజన్ ఎరుపు 656.3 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ ఆకుపచ్చ 500.7 దగ్గర. ఆ రెండు రంగులనే లోపలికి రానిచ్చి మిగతాదంతా ఆపేసే డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ పెడితే వీధి దీపాల వెలుతురు చాలావరకు బయటే ఆగిపోతుంది. జనవరిలో రోజెట్ నెబ్యులా నడినెత్తికి దగ్గరగా వస్తుంది, ఒక డిగ్రీకి పైగా వెడల్పు, మధ్యలో దాన్ని వెలిగిస్తున్న కుర్ర నక్షత్రాల గుచ్ఛం, రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. కూకట్‌పల్లి మేడ మీద నుంచైనా ఈ ఫిల్టర్‌తో దాన్ని తీయొచ్చు. ఒక మెలిక ఉంది. మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో సెన్సర్ ముందు ఉండే ఫిల్టర్ ఆ హైడ్రోజన్ ఎరుపులో చాలా భాగాన్ని మింగేస్తుంది, చర్మం రంగు సహజంగా రావడానికి పెట్టిన ఫిల్టర్ అది. దాన్ని తీయించిన కెమెరా గానీ, ఆకాశం కోసమే చేసిన కెమెరా గానీ వాడితేనే ఆ ఎరుపు నిండుగా వస్తుంది.

కృత్తికల సంగతి వేరు. పల్లెల్లో పిల్లలకోడి అనే ఈ గుంపు చుట్టూ ఉన్న నీలి మేఘం సొంతంగా వెలగదు, దారిన పోయే ధూళి మేఘం మీద ఆ నక్షత్రాల కాంతి పడి మెరుస్తోంది. నక్షత్రాల కాంతిలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి ఆ డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ పెడితే మేఘం కూడా కొట్టుకుపోతుంది. పాత సోడియం దీపాలున్నప్పుడు వాటి పసుపు రంగుని ఒక్కదాన్నే ఆపేసే ఫిల్టర్లు కొంత పనిచేసేవి, తెల్ల ఎల్ఈడీలు వచ్చాక అదీ కష్టమైంది. కృత్తికల మేఘానికి చీకటి ఆకాశం తప్ప వేరే మందు లేదు.

నక్షత్ర గుచ్ఛాలు మొదలుపెట్టేవాళ్లకి మంచి బడి. వెలుతురు చుక్కల్లో పోగై ఉంటుంది కాబట్టి నగరంలోనూ వస్తాయి, అరగంట చాలు, చేసిన తప్పేమిటో కూడా వెంటనే చూపిస్తాయి. పంచాంగం తెలిసినవాళ్లకి వీటి అడ్రసులు కొత్తవి కావు. పుష్యమి దగ్గర ఎం44, మూల దగ్గర ఎం7, జ్యేష్ఠకి ఒక డిగ్రీ పైచిలుకు దూరంలో ఎం4. వీటన్నిటినీ మించింది ఒమేగా సెంటారీ. ఎడ్మండ్ హేలీ 1677లో సెయింట్ హెలీనా ద్వీపం నుంచి దీన్ని చూసి ఇది ఒంటరి నక్షత్రం కాదని గుర్తించాడు. సుమారు కోటి నక్షత్రాలు, దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరం, అయినా ఆకాశంలో చందమామ అంత వెడల్పు. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే నడిమధ్య తెల్లటి ముద్దయిపోయి చుక్కలు విడిపోవు, అందుకే పది పదిహేను సెకన్లవి ఎక్కువ తీయడం మంచిది. ఓరియన్‌లోనూ ఇదే బాధ. బయటి రెక్కలకి నిమిషాలు కావాలి, నడుమనున్న నాలుగు చుక్కలకి ఐదు సెకన్లు చాలు. రెండు రకాలుగానూ తీసుకుని తర్వాత కలుపుకోవాలి.

చుక్క గుండ్రంగా రావాలంటే ఫోకస్ కుదరాలి, గంటలకు గంటలు నీళ్లపాలు చేసేది ఎక్కువగా ఇదే. బాహ్తినోవ్ మాస్క్ అని ప్లాస్టిక్ బిళ్ల ఒకటి దొరుకుతుంది, దాని మీద మూడు దిక్కుల్లో సన్నటి చీలికలు. గొట్టం మూతిమీద దాన్ని పెట్టి ఏదైనా ప్రకాశవంతమైన చుక్కని కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే ఆ చుక్క నుంచి మూడు గీతలు పొడుచుకొస్తాయి, రెండు గుణకారం గుర్తులా, మూడోది వాటి మధ్యగా. ఫోకసర్ని వెంట్రుకవాసి తిప్పుతుంటే మధ్య గీత అటూ ఇటూ జరుగుతుంటుంది. అది సరిగ్గా మిగతా రెండూ కలిసేచోట నుంచి పోయినప్పుడు మర బిగించి మాస్క్ తీసేయాలి. తీయడం మర్చిపోయి గంటసేపు తీసినవాళ్లు చాలామందే ఉంటారు. సాయంత్రం వేడికి కుదిరిన ఫోకస్ తెల్లవారుజాము చలికి చెదురుతుంది, గంటకోసారి మళ్లీ చూసుకోవాలి. మంచు సంగతి కూడా అంతే. సంక్రాంతి రోజుల్లో రెండు గంటలకల్లా లెన్స్ మీద మంచు పట్టి బొమ్మ మెల్లగా మసకబారుతుంది, గొట్టం మూతికి చుట్టే చిన్న హీటర్ పట్టీ లేకుండా చలికాలంలో బయటకు వెళ్లకపోవడమే మంచిది.

వేడి ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. సెన్సర్ ఆరు డిగ్రీలు వేడెక్కితే దానిలో పుట్టే దొంగ వెలుతురు దాదాపు రెట్టింపవుతుంది. 15 డిగ్రీల జనవరి రాత్రికీ 30 డిగ్రీల మే రాత్రికీ తేడా ఐదారు రెట్లు. చల్లబరిచే కెమెరాలు అందుకే. అవి లేనివాళ్లు టెలిస్కోప్‌కి మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో, అదే వేడిలో ఓ పాతిక నల్ల ఫ్రేములు తీసుకుని అసలు ఫొటోల్లోంచి తీసివేస్తారు. అలాగే తెల్లటి బట్ట కప్పి తెల్లవారుజాము ఆకాశాన్ని తీసే ఫ్లాట్ ఫ్రేములు, దుమ్ము మచ్చల్ని, అంచుల్లో చీకటిని సరిచేస్తాయి. నిద్రమత్తులో అందరూ వదిలేసేది ఈ ఫ్లాట్లనే, తర్వాత ఎక్కువ బాధపడేదీ వీటికే.

ఇవన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్మే స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాక చాలా గొడవ తగ్గింది. సీస్టార్ ఎస్50 లాంటిదాంట్లో 50 ఎంఎం లెన్స్, 250 ఎంఎం ఫోకల్ లెంగ్త్. ఫోన్‌లో పేరు నొక్కితే అదే వెతుక్కుని పది సెకన్ల ఫొటోలు తీసుకుంటూ అక్కడికక్కడే పేర్చేస్తుంది. పిల్లలకి చూపించడానికి ఇంతకన్నా మంచిది లేదు, చిన్నచూపు చూడాల్సిన పని అసలే లేదు. పరిమితులు మాత్రం తెలుసుకోవాలి. ఫ్రేము వెడల్పు ముప్పావు డిగ్రీ లోపే, కృత్తికలు ఒక్కదాంట్లో పట్టవు. పక్కకీ పైకీ తిరిగే మౌంట్ కాబట్టి ఫ్రేము మెల్లగా గిరగిరా తిరుగుతుంది, నడినెత్తి దగ్గర ఇది మరీ ఎక్కువ. కృత్తికలు మనకి సరిగ్గా అక్కడి నుంచే పోతాయి, హైదరాబాద్‌లో 83 డిగ్రీల ఎత్తున. అవి తూర్పున సగం ఎత్తులో ఉన్నప్పుడే తీసుకోవడం మేలు, లేదా కింద వాలు బల్ల పెట్టి దాన్ని ఈక్వటోరియల్‌గా మార్చుకోవాలి.

చివరి పని కంప్యూటర్ ముందు. పేర్చిన ఫొటో తెరవగానే నల్లగా ఉంటుంది, మసక భాగాల్ని పైకి లాగితే నెబ్యులా లేస్తుంది. ఎంత లాగాలి అన్నది తీసినవాళ్ల నిజాయితీ. రంగు కాస్త పెంచుకోవడం తప్పేమీ కాదు, ఆ రంగులు అక్కడ ఉన్నవే. లేని పోగుల్ని యంత్రం చేత గీయిస్తే అది ఆకాశం ఫొటో అవ్వదు. వివరం చాలలేదనిపిస్తే ఇంకో రాత్రి వెలుతురు కలపాలి. ఈ అమావాస్యకి మబ్బు పడితే వచ్చే అమావాస్యకి, ఓరియన్ పడమటికి దిగిపోతే వచ్చే డిసెంబర్‌కి. ఎం42 నుంచి ఈ రాత్రి లెన్స్ మీద పడే వెలుతురు 1,300 ఏళ్లకు పైగా ప్రయాణం చేసి వచ్చింది, ఏడాది తర్వాత అదే ఫోల్డర్‌లో ఇంకో నాలుగు గంటలది చేర్చుకోవచ్చు.